అది పొగరు కాదు, జబ్బు కావచ్చు

కిందటి నెల మొదటివారంలో ఒక తల్లి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అరఠావు కాగితాలు నాలుగు, రెండు వైపులా నింపి రాసింది. ఆవిడ పాతికేళ్ళుగా పౌరాణిక నాటకాలు ఆడుతున్న మనిషి. కరపత్రం మీద ఆవిడ పేరు వేస్తే చాలు, చుట్టుపక్కల జిల్లాల్లో తెల్లవారేదాకా జనం కదలరట. భర్త హార్మోనియం వాయిస్తారు. ఒక్కతే కూతురు, పద్దెనిమిదేళ్ళు నిండాయి. నాలుగో ఏట తల్లి చంద్రమతిగా ఏడుస్తుంటే ఆ పిల్ల లోహితాస్యుడిగా ఒళ్ళో పడుకుంది. ఇప్పుడు హైదరాబాదులో ఒక టీవీ సీరియల్లో వేషం దొరికింది. కాల్షీటు తేదీ కూడా చెప్పేశారు.

సంతోషించవలసిన సమయమే. కాని ఉత్తరంలో సంతోషం లేదు.

వేషం ఖాయమైన నాటి నుంచి తొమ్మిది రోజులు ఆ పిల్ల రాత్రికి గంటో రెండు గంటలో తప్ప నిద్రపోలేదు. అర్ధరాత్రి లేచి పద్యాలు పాడేది. మాట్లాడితే ఒక మాట మీద ఇంకో మాట పడేది. "అలసట అన్నది లేదండి డాక్టరు గారూ, మొహం వెలిగిపోతూ ఉండేది" అని రాసింది తల్లి. ఫోనులో నలభై వేల రూపాయల బట్టలు తెప్పించింది. ఇదేమిటమ్మా అని తండ్రి అడిగితే ఆయన హార్మోనియం పెట్టెను నేలకేసి కొట్టింది. పదోనాడు గది తలుపు వేసుకుంది. అప్పటి నుంచి తల దువ్వుకోదు, అన్నం ముందు పెడితే కెలికి లేస్తుంది. "నాకేమీ రాదమ్మా, నన్ను పంపకు" అంటుంది. కిందటేడు సంక్రాంతి వెళ్ళాక కూడా ఇలాగే జరిగింది గాని, ఇంత ఉధృతంగా కాదు.

"మా అత్తగారు దిష్టి అంటారు. మా ఆడపడుచు పొగరంటుంది, అమ్మ పేరు చూసుకొని మిడిసిపాటట. మా సమాజం వారు కళాకారుల బిడ్డకు ఆ మాత్రం ఆవేశం ఉంటుందిలెండి అని తేల్చేశారు. సీరియల్ వాళ్ళు దాని హుషారు చూసే తీసుకున్నారు. ఇందులో ఏది నిజం? పంపమంటారా, మానమంటారా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పడం వైద్యం కాదు. అందుకని తిరుగుటపాలో నాలుగు ముక్కలే రాశాను. ఈ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయకండి. ఫోనులో డబ్బు కట్టే వీలు కొన్నాళ్ళు తీసేయండి. చచ్చిపోతానన్న మాట ఆమె నోట వస్తే వారం కూడా ఆగకండి, ఆ రోజే తీసుకువెళ్ళండి. మిగిలిన సంగతులు ఆవిడ అనుమతితో, ఎవరూ గుర్తుపట్టని విధంగా వివరాలు మార్చి, ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరం నాకు ఇది మొదటిది కాదు.

పేరున్న వాళ్ళ ఇంట్లో జబ్బుకు ముద్దుపేర్లు ఎక్కువ. మామూలు ఇంట్లో పిల్ల వారం రోజులు నిద్రపోకపోతే ఇరుగుపొరుగు వాళ్ళే ఆస్పత్రికి తీసుకుపొమ్మంటారు. కళాకారుల ఇంట్లో దానికి ప్రతిభ అని, ఆవేశం అని, పొగరు అని పేర్లు పెడతారు. ఆ పేర్ల వెనక అసలు పేరు ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. మన ఊళ్ళలోని కేసులు ఉదాహరణగా చెప్పలేను, ఇక్కడ ఎవరూ బయటపెట్టుకోరు. తమ కథ తామే పుస్తకాల్లోనూ వేదికల మీదా చెప్పుకున్న ఒక తల్లీకూతుళ్ళున్నారు హాలీవుడ్డులో. వాళ్ళ సంగతి చెబుతాను.

అమ్మకు పందొమ్మిది, కూతురికి పందొమ్మిది

డెబీ రేనాల్డ్స్ పేరు పాతతరం సినిమా ప్రియులకు తెలుసు. 1952లో వచ్చిన 'సింగిన్ ఇన్ ది రెయిన్'లో కథానాయిక. ఆ షూటింగు నాటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. 1955లో ఎడ్డీ ఫిషర్ అనే గాయకుణ్ణి పెళ్ళాడింది. ఆ రోజుల్లో అమెరికా కుర్రకారుకు ఆయన పాటలంటే వెర్రి. ఆ దంపతులకు 1956 అక్టోబరు 21న పుట్టిన పిల్ల కేరీ ఫిషర్.

పిల్లకు రెండేళ్ళు నిండేసరికి ఇల్లు విరిగిపోయింది. తండ్రి ప్రాణస్నేహితుడు మైక్ టాడ్ 1958లో విమాన ప్రమాదంలో పోయాడు. అతని భార్య ఎలిజబెత్ టేలర్‌ను ఓదార్చడానికి వెళ్ళిన ఎడ్డీ ఆమెతోనే ఉండిపోయాడు. 1959లో విడాకులు. ఆ గొడవను అమెరికా పత్రికలు ఎంతగా రచ్చకీడ్చాయో చెప్పనలవి కాదు. అమ్మానాన్నలు విడిపోయిన సంగతి తనకు అర్థమయ్యే వయసు రాకముందే దేశమంతటికీ తెలిసిపోవడం ఆ పిల్ల రాత. సవతి తండ్రి చెప్పుల దుకాణాల ధనవంతుడు. తన డబ్బూ భార్య డబ్బూ కలిపి జూదంలో పోగొట్టాడు. డెబీ మళ్ళీ కాలికి గజ్జె కట్టక తప్పలేదు.

అమ్మతో బయటికి వెళితే జనం తనను తోసుకుంటూ అమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళని, అది తనకు నచ్చేది కాదని కేరీ పెద్దయ్యాక చెప్పింది. ఇంకొక మాట కూడా చెప్పింది. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెలుగు తగ్గుతూ రావడం కళ్ళారా చూసింది కాబట్టి, ఆ రంగంలో దిగాలన్న కోరిక తనకు లేదట. అయినా దిగింది. 1973లో బ్రాడ్వేలో తల్లి నటించిన 'ఐరీన్' నాటకంలో బృందగానంలో నిలబడింది. పదహారేళ్ళు. దానితో బడి చదువు ఆగిపోయింది. 1975లో 'షాంపూ' సినిమాలో చిన్న వేషం. 1976లో 'స్టార్ వార్స్' షూటింగు. రాకుమారి లేయా పాత్ర కట్టేనాటికి ఆమెకూ తల్లిలాగే పందొమ్మిదేళ్ళు. 1977లో సినిమా విడుదలయ్యాక ఆమె బొమ్మ లేని పిల్లల గది అమెరికాలో లేదంటే అతిశయోక్తి కాదు.

(ఆ వేషం ఇచ్చేముందు పది పౌనులు, అంటే నాలుగున్నర కిలోలు, తగ్గమన్నారట. అప్పటికే సన్నటి పిల్ల! 2015లో వచ్చిన సినిమాలో అదే పాత్ర మళ్ళీ వేయడానికి ముప్ఫై అయిదు పౌనులు తగ్గమన్నారు. తెర కోసం పస్తులుండే అమ్మాయిల గురించి ఇంకోసారి రాస్తాను.)

ఇవన్నీ బయటి సంగతులు. లోపల ఏం జరుగుతున్నదో చూద్దాం. పదమూడో ఏట గంజాయి మొదలైంది. తరువాత కొకైను, నొప్పి మాత్రలు. సరదా కోసమే అయితే ఆమె కథ నాకు అక్కరలేదు. తన బుర్ర మరీ వేగంగా తిరుగుతున్నదని, దాన్ని కాస్త నెమ్మది చేయడానికే అవి వాడానని ఆమె తరువాత చెప్పుకుంది. అంటే రోగి తనకు తానే వైద్యం మొదలుపెట్టింది, జబ్బు పేరు తెలియకుండా. ఇరవై నాలుగో ఏట ఒక డాక్టరు పేరు చెప్పాడు. ఆమె నమ్మలేదు. 1985లో మోతాదు మించి మాత్రలు మింగి ఆస్పత్రి పాలైంది. మత్తు మానాక కూడా బుర్రలో ఆ వేగం ఆగలేదు. అప్పుడు, ఇరవై ఎనిమిదో ఏట, ఒప్పుకుంది. డాక్టరు చెప్పిన నాటి నుంచి ఒప్పుకున్న నాటికి నాలుగేళ్ళు!

ఈ నాలుగేళ్ళ గురించే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. ఎందుకు నమ్మలేదు? నమ్మకుండా ఉండడానికి కారణాలు ఇంటి నిండా ఉన్నాయి కనుక. హుషారుగా ఉంటే తార కూతురు కదా అన్నారు. కుంగిపోతే తండ్రి వదిలేసిన పిల్ల కదా అన్నారు. డబ్బు ఖర్చు పెడితే గారాబం. ఏదీ అబద్ధం కాదు, ఏదీ జబ్బు పేరు కాదు.

ఆ జబ్బు ఏమిటి?

పాత పుస్తకాల్లో దీన్ని మానిక్ డిప్రెషన్ అనేవారు, తెలుగులో ఉన్మాద విషాద వ్యాధి. ఇప్పుడు బైపోలార్ డిజార్డర్ అంటున్నారు. ఉయ్యాల ఈ కొసకూ ఆ కొసకూ ఊగినట్టు మనసు ఊగుతుంది. కేరీ తన రెండు మనసులకూ రెండు పేర్లు పెట్టుకుంది. ఎగిరే మనసు రాయ్, ఒడ్డున నిలబడి ఏడ్చే మనసు పామ్.

ఎగిరే దశలో నిద్ర అక్కరలేదనిపిస్తుంది. ఇక్కడ ఒక తేడా గమనించండి. నిద్ర పట్టక పొద్దున్నే నీరసంగా లేచేవాడు వేరు, రెండు గంటలు పడుకొని సింహంలా లేచేవాడు వేరు. రెండోది అనుమానించవలసిన సంగతి. దానికి తోడు గలగల మాటలు, గొప్పలు, విపరీతమైన ఖర్చు, అడ్డు చెబితే కోపం. ఇది వారం రోజులకు పైగా నిలిస్తే ఆవేశం అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. కుంగే దశ వారాల తరబడి ఉంటుంది. మొదటిసారి తలెత్తేది ఎక్కువగా పదిహేనుకూ పాతికకూ మధ్య. పిల్లలు మొదటి వేషం, మొదటి పాట, మొదటి చెక్కు అందుకునే వయసు కూడా సరిగ్గా అదే. గందరగోళమంతా అక్కడే వస్తుంది.

చప్పట్ల వల్ల ఈ జబ్బు రాదు. పేరున్న ఇంట్లో పుట్టడం వల్లా రాదు. జన్యువుల పాత్ర మాత్రం ఉంది. లేని ఇంట్లో నూటికి ఒకరికో ఇద్దరికో వచ్చేది, తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఒకరికి ఉంటే నూటికి అయిదు నుంచి పదిమందికి రావచ్చు. అంటే తొంభై మందికి రాదని కూడా కదా! తన తండ్రికీ ఇదే ఉండి ఉంటుందని, ఎవరూ కనిపెట్టలేదని కేరీ అనుకునేది. మన నాటక కళాకారిణి ఉత్తరంలోనూ చివరి పేజీ అంచున చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "మా మరిది కూడా ఇలాగే ఉండి, ఉన్నట్టుండి దేశాలు పట్టిపోయాడు, పదిహేనేళ్ళయింది." ఉత్తరం మొత్తంలో డాక్టరుకు అన్నిటికంటే పనికివచ్చేది ఆ అంచున రాసిన వాక్యమే. పినతండ్రి కాబట్టి భయం అంత ఎక్కువ కాదు. కాని చెప్పి తీరాలి.

పుట్టుకతో వచ్చిన బలహీనతను మేల్కొలిపేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందుది నిద్ర చెడడం. రాత్రి కాల్షీట్లు, తెల్లవార్లూ నాటకం, ప్రయాణాలు, ఆ తరువాత మందు పార్టీలు. ఈ వృత్తిలో నిద్ర చెడగొట్టుకోవడానికి ఉన్నన్ని అవకాశాలు మరెక్కడా లేవు. ఆ అమ్మాయికి వేషం వచ్చిన ఆనందంలోనే మొదటి రాత్రి నిద్ర పోయింది. ఆ పోయిన నిద్రే నిప్పురవ్వ అయి ఉండవచ్చు. అయితే థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కొన్ని రకాల మందుల వల్లా, గంజాయి వంటి వాటి వల్లా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. అందుకే రక్తపరీక్షలు ముందు.

పెద్దవాళ్ళకు పెద్ద వైద్యమా?

పేరున్న వాళ్ళ పిల్లలకు ఇంకొక ప్రమాదం డాక్టర్ల వల్లనే. నా వృత్తివాళ్ళ మీద నేనే చెబుతున్నాను, తప్పుపట్టకండి. 1964లో వాల్టర్ వైన్‌ట్రాబ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు ఒక వ్యాసం రాశాడు. ఆస్పత్రిలో చేరిన ప్రముఖులకు మామూలు రోగుల కంటే వైద్యం అధ్వాన్నంగా జరుగుతున్నదని అందులో చూపించాడు. దానికి వి.ఐ.పి. సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ప్రముఖుణ్ణి చూడగానే డాక్టరు అడగవలసిన ప్రశ్న అడగడు. చేయవలసిన పరీక్ష మొహమాటపడి మానేస్తాడు. రోగి కోరిన మందు రాసిచ్చేస్తాడు.

కేరీ తండ్రి కథే చూడండి. న్యూయార్కులో మాక్స్ జేకబ్సన్ అనే డాక్టరు ఉండేవాడు. గొంతుకు బలమని, ఒంటికి హుషారని తారలకూ రాజకీయ నాయకులకూ ఇంజెక్షన్లు ఇచ్చేవాడు. విటమిన్లు అనేవాడు. అందులో ఉన్నది ఆంఫిటమిన్, అంటే నిద్రను, ఆకలిని చంపి ఒంటిని బుసకొట్టించే మందు. ఎడ్డీ ఫిషర్ ఏళ్ళ తరబడి ఆ సూదికి బానిసయ్యాడు. 1975లో ప్రభుత్వం ఆ డాక్టరు లైసెన్సు రద్దు చేసేసరికి ఎన్ని ఇళ్ళు కూలాయో! 'విజార్డ్ ఆఫ్ ఓజ్' నాయిక జూడీ గార్లండ్‌కు చిన్న వయసులోనే స్టూడియో రోజుల్లో లేవడానికి ఒక మాత్ర, పడుకోవడానికి ఒక మాత్ర అలవాటయ్యాయి. 1969లో నిద్రమాత్రల మోతాదు మించి నలభై ఏడేళ్ళకే పోయింది. ఆమె కూతురు లైజా మినెల్లీ 1972లో వచ్చిన 'కాబరే'తో ఆస్కార్ అందుకున్న నటి. 1984లో తానే మత్తు మాన్పించే చికిత్సాలయంలో చేరింది.

కనుక మీరు ఊళ్ళో ఎంత పేరున్న వాళ్ళయినా సరే, పిల్లను ఆస్పత్రికి తీసుకువెళ్ళినప్పుడు అందరిలాగే చీటీ రాయించుకుని వరసలో కూర్చోండి. డాక్టరును ఇంటికి పిలిపించకండి. "మా అమ్మాయి రాత్రికి ప్రోగ్రాం ఉంది, ఏదో ఒక సూది వేసి లేపండి" అని అడగకండి. అది అడిగే తల్లిదండ్రులను నేను చూశాను. వేసే డాక్టర్లనూ చూశాను.

విమానాశ్రయానికి బయలుదేరే ముందు

తల్లి కనిపెట్టిన కథ మన దేశంలోనే ఒకటుంది. ప్రకాశ్ పడుకోనె 1980లో ఆలిండియా కాదు, ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత. ఆయన కూతురు దీపిక హిందీ సినిమాల్లో పెద్ద తార. 2014లో, పేరు శిఖరం మీద ఉన్నప్పుడు, పొద్దున లేవగానే కడుపులో ఏదో ఖాళీ, కారణం లేకుండా ఏడుపు. చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు తిరిగి బయలుదేరుతుంటే బావురుమంది. తల్లి మామూలుగా అడిగే ప్రశ్నలే అడిగింది. మనసుకు నచ్చినవాడితో గొడవా? పనిలో ఇబ్బందా? దేనికీ జవాబు లేదు. ఇది కారణం ఉన్న ఏడుపు కాదు, డాక్టరు కావాలి అని ఆ తల్లికి తట్టింది. 2015లో దీపిక ఈ సంగతి తానే అందరిముందూ చెప్పి, మానసిక ఆరోగ్యం కోసం ఒక ఫౌండేషను స్థాపించింది.

దీపికది డిప్రెషను, కేరీది బైపోలార్. రెండూ ఒకటి కాదు. కుంగిన దశలో చూస్తే మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషను మాత్రలు ఒక్కటే ఇస్తే ఉయ్యాల రెండో కొసకు ఎగరవచ్చు. అందుకని పిల్ల మంచం పట్టినప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆ ముందు హుషారుగా ఉన్న రోజుల సంగతి తప్పకుండా చెప్పండి. చాలామంది చెప్పరు. అవి మంచిరోజులు కదా అనుకుంటారు.

ఇక సినిమా నటుల బిడ్డలు సినిమాల్లోకి రావడం మనకు కొత్తేమీ కాదు. అక్కినేని వారి మనవడు అఖిల్ 1995లో 'సిసింద్రీ'లో పాకుతూ కథానాయకుడయ్యాడు. కృష్ణగారి అబ్బాయి మహేశ్ బాబు 1979లో 'నీడ'లో నాలుగేళ్ళ పిల్లవాడు. తప్పేమీ లేదు, చూసి మురిసిపోయాం. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల విషయంలో ఇప్పుడు చట్టం ఉంది. 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు అయిదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదు. వరసగా ఇరవై ఏడు రోజులకు మించకూడదు. సంపాదనలో కనీసం ఐదో వంతు పిల్లల పేర బ్యాంకులో వేయాలి. సొంత పిల్లలే కదా అని ఇంట్లోవాళ్ళే వీటిని మరిచిపోతుంటారు.

ఒప్పుకున్నాక ముప్ఫై ఏళ్ళు

కేరీ కథ విషాదాంతమని అనుకోకండి. ఒప్పుకున్న తరువాత ఆమె ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది, పనిచేసింది. 1987లో 'పోస్ట్‌కార్డ్స్ ఫ్రమ్ ది ఎడ్జ్' నవల రాసింది. 1990లో అది సినిమా అయింది. కూతురిని కన్నది, పెంచింది. మధ్యలో జబ్బు తిరగబెట్టింది కూడా. 1997లో రోజుల తరబడి నిద్రలేక మతి తప్పి ఆస్పత్రిలో చేరింది. 2006 నుంచి వేదిక మీద ఒంటరిగా నిలబడి తన జబ్బు గురించే చెప్పి జనాన్ని నవ్వించింది. మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకంలో బైపోలార్ అధ్యాయంలో తన లేయా బొమ్మ వేశారని చెప్పి తానే నవ్వేది.

షాకు చికిత్స గురించి 2011లో ఏకంగా పుస్తకమే రాసింది. షాకు అనగానే మన సినిమాల్లో రోగిని కట్టేసి గిలగిలలాడించే దృశ్యం గుర్తొస్తుంది. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేస్తారు. అవి ఇవ్వకుండా చేయడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. మందులకు లొంగని తీవ్రమైన కుంగుబాటులో అది ప్రాణం నిలిపే చికిత్స. కొన్నాళ్ళు మతిమరుపు ఉండవచ్చు, కేరీ ఆ ఫిర్యాదూ చేసింది.

2016 డిసెంబరు 23న లండను నుంచి వస్తున్న విమానంలో ఆమె గుండె ఆగింది. 27న అరవై ఏళ్ళ వయసులో పోయింది. మరునాడే, కూతురి అంత్యక్రియల గురించి మాట్లాడుతూనే, ఎనభై నాలుగేళ్ళ డెబీ మెదడులో రక్తనాళం చిట్లి పోయింది. కేరీ మరణానికి కారణాల్లో మొదట రాసింది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిఆగి రావడం. తేల్చలేని ఇతర కారణాలూ ఉన్నాయన్నారు. ఒంట్లో మత్తు పదార్థాల జాడ కనిపించింది. ఆమె కూతురు బిల్లీ లూర్డ్, ఆమె కూడా నటే, దాన్ని దాచలేదు. అమ్మ జీవితమంతా మత్తుతోనూ మానసిక వ్యాధితోనూ పోరాడిందని, చివరికి దానితోనే పోయిందని, సిగ్గు పోవాలనే అమ్మ అన్నీ బయటికి చెప్పిందని 2017లో ప్రకటించింది. ఇంట్లో ఎవరైనా గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే, పగలంతా తూగుతుంటే పరీక్ష చేయించండి. అలాంటివారికి మత్తు, నిద్రమాత్రలు, మద్యం మరీ ప్రమాదం.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జంకేవాళ్ళు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, రాత్రయినా పలుకుతారు.

ఇక సీరియల్ సంగతి. "వద్దనకండి, ఇప్పుడు కాదనండి" అని ఆ తల్లికి రాశాను. నిద్ర కుదుటపడి, మందు మోతాదు కుదిరి, రెండు మూడు నెలలు నిలకడగా ఉన్నాక ఏ వేషమైనా వేయవచ్చు. అప్పుడు కూడా రాత్రి కాల్షీట్లు ఒప్పుకోనని ప్రొడక్షన్ మేనేజరుకు ముందే చెప్పాలి.

ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేముందు రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి తండ్రి రాశారు. జిల్లా ఆస్పత్రిలో చూపించారు. బైపోలార్ అనే తేల్చారు. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు చేసి లిథియం మొదలుపెట్టారు. సీరియల్ వాళ్ళు ఆగలేదు, వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. అప్పటి నుంచి కూతురు తల్లితో మాట్లాడడం లేదు. మాత్రలు మాత్రం తండ్రి చేతి మీదుగా వేసుకుంటున్నది. నన్ను ఒక్క ప్రశ్న అడగమన్నదట: ఈ మందు వాడితే నా గొంతు పోతుందా?

పోదమ్మా. లిథియం మనసు ఉయ్యాలను పట్టి ఆపే మందు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు దీని గుణం కనిపెట్టిన నాటి నుంచి వాడుతున్నారు. చేతివేళ్ళు సన్నగా వణకవచ్చు, దాహం ఎక్కువ కావచ్చు, కొంచెం బరువు పెరగవచ్చు. మొదలుపెట్టిన వారానికి, చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటల తరువాత, రక్తంలో మందు ఎంత ఉందో చూస్తారు. తరువాత మూడు నుంచి ఆరు నెలలకొకసారి. స్టేజి మీద లైట్ల కింద చెమటలు ధారగా కారతాయి కదా, ఆ రోజుల్లో నీళ్ళు బాగా తాగు. ఉప్పు ఒక్కసారిగా మానకు. వాంతులు, విరేచనాలు అయితే మందు ఒంట్లో పేరుకుంటుంది, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఒంటినొప్పులకు షాపులో మాత్ర కొని వేసుకోకు. చేతులు బాగా వణికి, మాట తడబడి, అడుగు తూలితే ఆస్పత్రికి వెళ్ళిపో. ఈ మందు కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. అప్పుడు గొంతు బొంగురు పోవచ్చు. ఆరు నెలలకొకసారి ఆ పరీక్ష చేయించుకుంటే ముందే తెలుస్తుంది, చిన్న మాత్రతో సరిపోతుంది. తారస్థాయి అందడం లేదని నీకు అనిపించిన రోజున మందు మానకు, ఆ పరీక్షకు వెళ్ళు.